పాదాల నకలు

మూడు శాతం. కదిలింది. కదిలిందంటే ఇక పని తన చేతిలో ఉన్నట్టే అనుకుని చిన్నది కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకోవడమూ ఈ పనిలో భాగమే, అది చాలామందికి చేతకాదు. ఈ గంటసేపు మౌస్ కదపకూడదు, వైర్లు సర్దకూడదు, బల్లకు మోకాలు తగలకూడదు, పొద్దుపోవడం లేదు కదా అని తెర మీద ఇంకేదో తెరవకూడదు. పదిహేనేళ్ళ కంప్యూటర్, దాని లోపల పదిహేనేళ్ళ డిస్కు, ఎక్కడ అరిగిందో ఏమో, నిమిషానికోసారి టక్కుమంటోంది, మోకాళ్ళ నొప్పులావిడ మెట్లెక్కుతున్నట్టు. నిన్న ఫోన్లో ఆ చప్పుడు వినగానే చిన్నదానికి సంగతి అర్థమైపోయింది. "అక్కా, ఆపెయ్. ఇంకేం ముట్టుకోకు. పొద్దున్నే వస్తున్నా" అంది, అన్నట్టే స్కూటరేసుకుని వచ్చేసింది. ఇలాంటి డిస్కును మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చదవగలం, రెండోసారికి ఉంటుందో ఉండదో. ఒక్కసారి చాలు. నీళ్ళలో పడ్డవాటిని చూసింది, మంటల్లో మాడినవాటిని చూసింది, మొగుడూ పెళ్ళాల గొడవలో గోడకు తగిలి వచ్చినవాటినీ చూసింది, అన్నిటి చేతా కక్కించింది. నలభై నాలుగేళ్ళొచ్చినా ఇంట్లో వాళ్ళకు తను చిన్నదే, బజారులో మాత్రం డిస్కు డాక్టరమ్మ. ఊరికే అంటారా ఆ మాట. నాలుగు శాతం.

కాపీ చేస్తున్నావా, అని అడిగింది అక్క ఇందాక, తలుపు దగ్గర నిలబడి. అందరూ అదే మాట, ఒళ్ళు మండిపోతుంది. కాపీ కాదే తల్లీ, ఇమేజ్. ఇల్లు మారేటప్పుడు గిన్నెలూ బట్టలూ మూటగట్టుకుని పోవడం కాపీ. గోడకు కొట్టిన మేకుతో సహా, మేకుకు వేలాడే క్యాలెండర్‌తో సహా, తలుపు కిర్రుమనే చప్పుడుతో సహా ఇల్లు ఇల్లంతా ఎత్తి ఇంకోచోట దించడం ఇమేజ్. రేపు ఈ డిస్కు చచ్చినా, కొత్త డిస్కు మీద ఆ ఇమేజ్ దించితే కంప్యూటర్ ఏమీ జరగనట్టు నిద్ర లేస్తుంది. అక్కకు అదే కావాలి, అది తప్ప ఇంకేదీ పనికిరాదు. ఎందుకంటే గిన్నెలూ బట్టలూ, అంటే అక్క కొలిచి బూట్లు కుట్టిచ్చేవాళ్ళ స్కాన్ చేసిన పాదాలు, అవి ఎలాగోలా బయటికి తీసుకోవచ్చు. వాటిని చదివి పక్క గదిలో బూట్లకు చెక్క అచ్చులు చెక్కే మెషిన్‌కు చెప్పే ప్రోగ్రాం ఉందే, దాన్ని తయారుచేసినవాళ్ళు దుకాణం ఎత్తేసి ఎనిమిదేళ్ళు. మళ్ళీ ఎక్కిద్దామంటే సీడీ లేదు, అడుగుదామంటే ఫోనెత్తే మనిషి లేడు. ఆ ప్రోగ్రాం పోయిందంటే చెక్కే మెషిన్ పెద్ద ఇనుప దిమ్మ, అక్క పని అంతటితో సరి. ఏం పోదు. తొమ్మిది శాతం, అంకె చక్కగా ఎక్కుతోంది, బయటి హార్డ్‌డిస్కు మీద నీలం దీపం మినుకుమినుకుమంటోంది, అది ఆడుతున్నంతసేపూ భయం లేదు.

ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకున్న నాలుగు అక్షరాలు చెమటకు కాస్త అలుక్కున్నాయి. పాత డిస్కు నంబరులో చివరి నాలుగు. పని మొదలుపెట్టే ముందు డిస్కు మీది నంబరు చేతి మీద రాసుకుంటుంది, తెర మీది నంబరుతో మూడుసార్లు పైకి చదివి సరిచూసుకుంటుంది, అప్పుడు గానీ నొక్కదు. బజారులో కుర్రాళ్ళు నవ్వుతారు, మంత్రం చదువుతోందిరా అని. నవ్వనీ. దేన్నుంచి చదవాలి, దేని మీద రాయాలి, ఈ పనిలో ఉన్న ప్రమాదమంతా అదే. ఎడమది కుడి అనుకున్నావా, ఖాళీ డిస్కును తీసుకెళ్ళి నిండు డిస్కు మీద దిద్దేస్తావు. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు. మిగతా ప్రపంచంలో ఎవరికీ రాని తప్పు ఇది, చెయ్యి తిరిగిన వంటవాడు పొయ్యి మీదున్న కూర పారబోసి ఖాళీ గిన్నె దించుకున్నంత వెర్రి తప్పు. మంచి పనిమంతులకే వస్తుంది, చెయ్యి వేగం పెరిగాక. పదకొండు శాతం.

అద్దం అవతల అక్క గొంతు. ఈ గదికీ పెద్ద గదికీ మధ్య సగం గోడ, సగం అద్దం. అవతల అక్క, యాభై ఒకటేళ్ళ మనిషి, చిన్న స్టూలు మీద కూర్చుని తడి ప్లాస్టర్ పట్టీలు ఒక పాదానికి చుడుతోంది. ఆ పాదం కండక్టరమ్మది. బస్సులో రోజంతా నిలబడే మనిషి, ఒక కాలు రెండోదానికంటే అంగుళంపావు పొట్టి. అక్క కుట్టిన బూట్లు వేసుకుంటే ఆ తేడా ఎవరికీ తెలియదు, ఆవిడకు కూడా సాయంత్రం దాకా గుర్తు రాదట. వాళ్ళ వెనక గోడ నిండా అరలు, అరల నిండా తెల్లటి పాదాలు. వంకర పాదాలు, వేళ్ళు లేని పాదాలు, చదునువి, మధ్యలో గూడులా వంగినవి, ప్రతిదాని మడమ మీదా పెన్సిల్‌తో ఒక నంబరు. కిటికీలోంచి పదిగంటల ఎండ పడి అవి మరీ తెల్లగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా పోగైన పాదాలు. అటు చూడకూడదు అనుకుని తెర వంక చూసింది చిన్నది, చూపు నిలవలేదు.

"ఆ గాజు పెట్టె మీద నిలబెట్టి పాదం ఫొటో తీశారు కదమ్మా, మళ్ళీ ఈ పిండి ఎందుకు?" అంటోంది కండక్టరమ్మ.

"కదలకండి, ఇంకో ఐదు నిమిషాలు. మెషిన్లను నమ్మలేమమ్మా. ఆరేళ్ళుగా దాచిన పాదాలు ఒక్క పూటలో మింగేసింది ఒకసారి. మా చెల్లెలు చూస్తుండగానే పోయింది. పాపం, దాని తప్పేం లేదు, అదేం చేస్తుంది, డిస్కు అప్పటికే చచ్చిపోయి ఉందట. మూడు రాత్రులు నిద్రపోలేదు పిచ్చిమొహం, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. నేనే ఊరుకోబెట్టాను."

ఊరుకోబెట్టింది, అవును. తల ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. పోనీలేవే, పోయినవి పోయాయి, మళ్ళీ పిలిచి కొలుచుకుంటాను, పాదాలేమైనా పారిపోయాయా అంది. చిన్నది ఆ ఒళ్ళో అలాగే పడుకుని ఉంది, నోరు మెదపకుండా. డిస్కు చావలేదు. నిక్షేపంగా ఉంది. కవలల్లాంటి రెండు డిస్కులు, ఒకే కంపెనీ, ఒకే సైజు, తెర మీద ఒకే పేరు, తనే ముచ్చటపడి జతగా కొనుక్కొచ్చింది. కంప్యూటర్లో చోటు చాలక పాదాలన్నీ అప్పటికే ఒకదాంట్లోకి మార్చింది, రెండోది నకలుకని ఖాళీగా ఉంచింది. అప్పుడు ముప్ఫై ఐదేళ్ళు, సొంతంగా దుకాణం పెట్టి ఆరునెలలు, కాళ్ళు నేల మీద లేవు. పని నేర్పిన పెద్దాయన వందసార్లు చెప్పాడు, తెర మీది పేరు నమ్మకమ్మాయ్, డబ్బా మీది నంబరు నమ్ము అని. చెవిన వేసుకుంటేనా. అక్కకు నకలు తీసి పెడతానని తనే పట్టుబట్టి వచ్చి, చకచకా రెండు నొక్కులు నొక్కి, టీ పెట్టుకుంటానని వంటగదిలోకి వెళ్ళింది. అక్కతో కబుర్లు చెప్పుకుంటూ రెండు కప్పులు తాగింది, నవ్వింది కూడా, ఏదో పెళ్ళిలో ఎవరో పడిపోయిన సంగతి. తిరిగొచ్చేసరికి పూర్తయిందని పచ్చ అక్షరాలు. తెరిచి చూస్తే రెండు డిస్కులూ ఖాళీ. ఇదీ ఖాళీ, అదీ ఖాళీ. అక్క గుమ్మంలోకి వచ్చి అయిందా అని అడిగింది. అప్పుడు ఆ నోట్లోంచి ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఈనాటికీ తెలియదు. డిస్కు చచ్చిపోయిందక్కా. అంతే. ఒక్క మాట. ఎవరూ నేర్పకుండా, తడబడకుండా, కడిగిన గ్లాసంత శుభ్రంగా వచ్చింది.

ఇరవై రెండు. ఆ పోయినవాటిలో ఒక పాప పాదాలున్నాయి. రెండేళ్ళప్పుడు తల్లి చంకనెత్తుకుని తెచ్చింది, కుడిపాదం లోపలికి ముడుచుకుపోయి ఉండేది. ఆపరేషన్ తప్పదన్నారు. అక్క వద్దంది. ఆరునెలలకోసారి స్కాన్ చేసి, ఆరునెలలకోసారి కొత్త బూటు చెక్కి, పాదాన్ని బతిమాలి బతిమాలి దారికి తెచ్చింది. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి పాప పరుగెత్తింది. ఆ పదమూడు స్కాన్లు వరసగా పెట్టి చూస్తే పువ్వు విచ్చుకున్నట్టు ఉండేది. పెద్దాసుపత్రి డాక్టర్ల సభలో చూపించమని అక్కను పిలిచారు కూడా, కొత్త చీర కొనుక్కుంది, రాత్రుళ్ళు అద్దం ముందు నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకుంది. తర్వాత ఇంకేముంది చూపించడానికి. చీర మడతపెట్టి లోపల పెట్టేసింది. పాదం నిటారైంది కదా, రుజువులెందుకులే అంది. అక్క ఆ మాట ఎంత తేలిగ్గా అందో, అంత బరువుగా వచ్చి చిన్నదాని మీద పడింది. అయినా చెప్పలేదు. ఆయనకు కూడా చెప్పలేదు, పక్కలో పడుకునే మనిషికి. ఒక్కోసారి మంచినీళ్ళు తాగుతుంటే గుర్తొస్తుంది, ఒక్కోసారి ఎర్రదీపం దగ్గర స్కూటరు ఆపినప్పుడు.

టక్. ఇరవై తొమ్మిది. పరవాలేదు, ఒక్కసారే కొట్టుకుంది, మళ్ళీ దారిలో పడింది.

దీనికి ముందు కూడా ఒకసారి ఇలాగే జరిగింది కదూ. ఆరేళ్ళప్పుడు నాన్న అలారం గడియారం విప్పేసింది, లోపల ఎవరు కొడుతున్నారో చూద్దామని. స్ప్రింగు ఎగిరి బీరువా కిందికి పోయింది. నాన్న ముక్కు మీద కోపం, ఎవరే ఇది అని ఇల్లు దద్దరిల్లేలా అరిస్తే, పదమూడేళ్ళ అక్క ముందుకొచ్చి నేనే అంది. రెండు దెబ్బలు తింది. చెంప ఎర్రగా పెట్టుకుని, పెరట్లోకి లాక్కెళ్ళి, ఈసారి విప్పేటప్పుడు స్ప్రింగు ఎటు పోతుందో చూసుకోవే మొద్దూ అంది. అక్క అలాంటిది. తప్పు తనదని చెప్పడం అక్కకు దాహమేసినప్పుడు నీళ్ళడగడం లాంటిది, అదీ తను చెయ్యని తప్పు. చిన్నది ఆ ఇంట్లోనే పెరిగింది, ఆ అక్క చంక దిగకుండానే పెరిగింది, అయినా ఆ ఒక్క విద్య అబ్బలేదు. మిగతావన్నీ అబ్బాయి. ముప్ఫై ఎనిమిది శాతం, సగానికి దగ్గర పడుతున్నాం, ఇలాగే సాగితే పదకొండింటికి ఈ పెట్టెలో అక్క బతుకంతా భద్రం.

"మా ఆడపడుచుకూ ఇదే బాధ. వచ్చే నెల తీసుకొస్తా, కాస్త చూడండి," అంటోంది అవతల కండక్టరమ్మ, తడిగుడ్డతో పాదం తుడుచుకుంటూ.

"వచ్చే నెల నుంచి కొత్తవాళ్ళను తీసుకోవడం లేదమ్మా. ఉన్నవాళ్ళకు నడిచినన్నాళ్ళు నడుపుతాను."

"అదేం మాట!"

"ఈ చేతులు చూడండి. చర్మం పగిలి, మణికట్లు వాచి, పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు. ప్లాస్టర్ మానేస్తావా, చేతులు మానేస్తావా అన్నాడు డాక్టరు."

"అయితే ప్లాస్టర్ మానెయ్యండి. బూట్లు కుట్టడం మానడమెందుకు?"

"ప్లాస్టర్ అచ్చు చేతిలో లేకుండా ఒకళ్ళ పాదానికి పూచీ పడలేనమ్మా. ఒకసారి చెయ్యి కాలింది నాకు."

చిన్నది కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఈ సంగతి తనకు తెలియదు. చేతులు నొప్పి అని తెలుసు, మందు రాయమని తనే సతాయిస్తుంది, కొత్తవాళ్ళను మానేస్తోందని తెలియదు. ఎందుకు చెప్పలేదు? చెబితే చిన్నది బాధపడుతుందని అయ్యుంటుంది, ఇంకెందుకు. తొమ్మిదేళ్ళుగా ప్రతి పాదానికీ రెండు నకళ్ళు, ఒకటి మెషిన్‌లో, ఒకటి అరలో. రోజుకు ఐదారు అచ్చులు. పొద్దస్తమానం తడి ప్లాస్టర్‌లో ఆ చేతులు. అదంతా ఎందుకూ అంటే, డిస్కు చచ్చిపోయిందక్కా అన్నందుకు. ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? అక్క తిట్టేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, తర్వాత ఇంకో మంచి పనివాణ్ణి పిలిచి నకలు తీయించుకునేది, ఈ అరలు ఖాళీగా ఉండేవి. మెషిన్ మంచిదే, చెల్లెలే తొందరపడింది, ఇంత చిన్న సంగతి. దాన్ని దాచి, మెషిన్ మీద నింద వేసి, అక్క చేత తొమ్మిదేళ్ళు ప్లాస్టర్ పిసికించింది. ఇప్పుడు ఆ మాటే అక్క చేతుల్ని పనిలోంచి కూడా లాగేస్తోంది. వచ్చే నెలట. ఆ ఆడపడుచు ఎవరో, ఎలా నడుస్తోందో, ఆవిడ కూడా చిన్నదాని అబద్ధం మీద కాలేసి నడవాల్సిందే.

నలభై ఆరు. చెప్పాలి. ఇందులో ఆలోచించడానికేముంది. చెబితే అక్క మెషిన్‌ను నమ్ముతుంది, ప్లాస్టర్ మానేస్తుంది, చేతులు దక్కుతాయి, పని దక్కుతుంది. పోయేది ఒకటే, చిన్నది. అక్క మెషిన్‌ను నమ్మాలంటే చెల్లెల్ని నమ్మడం మానుకోవాలి. రెండూ కలిపి అక్కకు ఇవ్వడానికి లేదు, ఆ దారి తనే మూసేసింది. సరే, పని అయ్యాక చెబుదాం. నూరు శాతం చూపించి, ఇదిగో అక్కా నీ బతుకంతా భద్రంగా తీసిపెట్టాను, చల్లగా ఉండు, అన్నట్టు ఒక చిన్న సంగతి... ఛీ. పాపిష్టిదానా, బిస్కెట్ చేతిలో పెట్టి సూది గుచ్చినట్టు. బాగా అయితే ఆ సంతోషంలో కలిపేసి మింగించాలని చూస్తున్నావు. అసలు కాకపోతే? ఎనభై దగ్గర ఇది నిజంగానే చచ్చిందనుకో. అప్పుడు గుమ్మంలోకి వచ్చి అయిందా అని అడిగితే ఏం చెబుతావు? డిస్కు చచ్చిపోయిందక్కా అంటావు, ఈసారి అది నిజమే, అయినా ఆ నిజం నీ నోటికి ఇమడదు. కాదు కాదు, చెప్పాల్సింది ఇప్పుడే, ఏమవుతుందో తెలియకముందే.

అనుకున్నంత తేలికగా లేవలేదు. యాభై ఎనిమిది దాకా అలాగే కూర్చుంది. కండక్టరమ్మ వెళ్ళిపోయింది, వెళ్తూ అద్దం మీద వేళ్ళతో తట్టి, డాక్టరమ్మా, మీ అక్కకు మీరైనా చెప్పండి, అని కేకేసి మరీ వెళ్ళింది. చెబుతానమ్మా, చెప్పబోయేది అదే. అక్క తొట్టెలో మళ్ళీ ప్లాస్టర్ కలుపుతోంది, రెండో కాలికి కాబోలు, కాదు, కండక్టరమ్మ వెళ్ళిపోయింది కదా, ఆవిడ పాదం నుంచి తీసిన అచ్చులో పొయ్యడానికి. అరవై ఐదు. డెబ్భై. డెబ్భై ఒకటి దగ్గర అంకె నిలిచిపోయింది.

టక్. టక్. టక్. నీలం దీపం ఆడటం మానేసి బిగుసుకుపోయింది. చిన్నదాని చేతులు మాత్రం ఒళ్ళోంచి కదలలేదు. తెలుసు, ఇది తెలుసు, అరిగిన చోటు వచ్చింది, ఇక్కడ పట్టుబడితే డిస్కు పూర్తిగా పడుకుంటుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడే చెప్పి పెట్టింది దానికి, రాని చోట తల బాదుకోకు, దాటుకుని ముందుకు పో, మిగతాదంతా తెచ్చుకున్నాక తీరిగ్గా వెనక్కి వచ్చి అడుగుదువుగాని అని. పనితనమంటే అది. భయమేసినప్పుడు చెయ్యాల్సిన పని, భయం వెయ్యకముందే చేసి పెట్టుకోవడం. పో తల్లీ, దాటుకో. నువ్వు దాటుకుంటావు, నాకు తెలుసు. పది సెకన్లు. ఇరవై. దాటింది. డెబ్భై రెండు. దీపం మళ్ళీ మినుకుమంది. చిన్నది అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి వదిలింది, ఆ ఊపిరితోపాటే పిలుపు కూడా వచ్చేసింది.

"అక్కా, ఒకసారి ఇలా రా."

అక్క మోచేతులదాకా తెల్లగా, చేతులు గాల్లో పెట్టుకుని వచ్చింది. "ఏమైంది? పోయిందా?"

"ఇదేం పోలేదు. బాగానే వస్తోంది. ఆ రోజు కూడా పోలేదు. తొమ్మిదేళ్ళ కిందట. ఆ డిస్కు చావలేదక్కా. నేనే తిరగేసి నొక్కాను. ఖాళీదాన్ని తీసుకెళ్ళి నీ పాదాల మీద దిద్దేశాను. భయమేసి అబద్ధం చెప్పాను నీకు."

"ఏ డిస్కు?" అంది అక్క, తెలిసి కూడా.

"ఆ పాప పాదాలున్నది."

అక్క తెర వంక చూసింది, చెల్లెలి వంక చూసింది. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. "మూడు రాత్రులు ఏడ్చావు కదే."

"అందుకే ఏడ్చాను."

"మెషిన్ తప్పేం లేదా అయితే?"

"లేదు. అంతా నాదే."

"నేను అచ్చులు పోస్తుంటే పక్కన కూర్చుని చూశావు."

"చూశాను."

"ప్లాస్టర్ సంచులు స్కూటరు మీద మోసుకొచ్చి ఇచ్చావు కూడా. నెల నెలా."

"ఇచ్చాను," అంది చిన్నది. ఇంకేదైనా అనాలని చూసింది, క్షమించు అనో, చెబుదామనుకున్నాను అనో, అవి తన చెవులకే వెలితిగా వినిపించి ఊరుకుంది.

అక్క కోపం ఎప్పుడూ గట్టిగా ఉండేది కాదు. ఇప్పుడూ అరవలేదు. గోడవారగా ఉన్న చెక్క పెట్టె మీద కూర్చుంది, చేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తూ. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి చేతులు పనికిరావు, తుడుస్తానని లేవబోయిన చిన్నదాన్ని ఒక్క చూపు చూసింది. చిన్నది మళ్ళీ కూర్చుంది. ఆ చూపు కొత్తది. ఇన్నేళ్ళలో నాన్నను చూసినప్పుడు ఉండేది, అప్పుచేసి ఎగ్గొట్టిన బాబాయిని చూసినప్పుడు ఉండేది, తన మీద ఎప్పుడూ పడలేదు. పడింది. నొప్పి ఉంది, కానీ వింతగా, ఒళ్ళు తేలిగ్గా కూడా ఉంది, జ్వరం దిగి చెమట పట్టినట్టు. ఎనభై. ఎనభై ఒకటి. ఇద్దరూ అంకెను చూస్తూ కూర్చున్నారు. అవతల తొట్టెలో కలిపిన ప్లాస్టర్ బిగుసుకుపోతూ ఉంటుంది, దాన్ని పారబొయ్యాల్సిందే, అక్క తొమ్మిదేళ్ళలో ఒక్క గరిటెడు కూడా వృథా చెయ్యలేదు, ఇవాళ లేచి వెళ్ళలేదు. తొంభై. అక్క చేతుల మీద ప్లాస్టర్ ఆరి, పగుళ్ళు తీసి, పొడిపొడిగా నేల మీద రాలుతోంది. తొంభై తొమ్మిది దగ్గర నకలు వెనక్కి తిరిగి, వదిలేసి వచ్చిన చోటుకు మళ్ళీ వెళ్ళింది. టక్. టక్. ఒక ముక్క వచ్చింది. టక్. ఇంకోటి. చిన్నదానికి ఒక్క క్షణం కూడా అనుమానం కలగలేదు, తన పనిని తను నమ్మినట్టు ఇక ఈ గదిలో ఇంకెవరూ నమ్మరని తెలిసి కూడా. చివరి ముక్క మూడో దెబ్బకు వచ్చింది. నూరు. తర్వాత సరిచూసుకునే పని కూడా కంప్యూటరే మొదలుపెట్టి, కాసేపు డిస్కును గిరగిరా తిప్పి, తేడా ఏమీ లేదని చెప్పింది.

"అయింది," అంది చిన్నది. "అంతా ఉంది. ఒక్క పాదం కూడా పోలేదు."

అక్క లేచి పంపు దగ్గరికి వెళ్ళింది. చేతులు కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మోచేతులదాకా తుడుచుకుంటూ తిరిగొచ్చింది, ముఖం కూడా కడుక్కుంది.

"ఇంకో ఖాళీ డిస్కు ఉందా నీ సంచిలో?"

"ఉంది."

"దీనికి ఇంకో నకలు తియ్యాలి. ఒకటి ఇక్కడ, ఒకటి ఇంట్లో. ఇలా ప్రతి వారం తియ్యాలంటే ఏం నొక్కాలో నాకు చెప్పు."

"నేను వచ్చి తీసి పెడతానక్కా, నువ్వు..."

"లే," అంది అక్క. "కుర్చీ నాకియ్యి."

చిన్నది లేచింది. రెండో పెట్టె సంచిలోంచి తీసి, వైరు తగిలించి, బల్ల మీద కుడి పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడింది. అక్క కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది, కళ్ళద్దాలు సర్దుకుంది, తెర మీది అక్షరాలు ఒక్కొక్కటీ పెదవులు కదుపుతూ చదువుకుంది. ఏది నొక్కాలో చిన్నది చెప్పింది, ఆ తర్వాత ఏది నొక్కాలో కూడా చెప్పింది. అక్క వేలు బటన్ మీద ఆగింది.

"ఏది నిండుది, ఏది ఖాళీది?"

"ఎడమ పక్కది నిండుది. కుడి పక్కది ఖాళీది."

అక్క తల ఊపలేదు. బటన్ మీంచి వేలు తీసి, ముందుకు వంగి, ఎడమ పెట్టె దగ్గర వైరు పట్టుకుని, బల్ల అంచు మీదుగా, కిందికి, కంప్యూటర్ వెనక్కి, చివరిదాకా తడుముకుంటూ వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చి రెండో వైరు పట్టుకుంది. అప్పుడు నిటారుగా కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండా, తనే నొక్కింది.